కార్డు అడిగిన దానియేలు గారు

గుడ్ ఫ్రైడే ఆరాధనలో మా ఎదుట నిలబడి మాట్లాడిన దానియేలు గారు మరునాడు ఉదయమే గుండెపోటుతో ప్రభువునందు నిద్రించారని ఫోన్ వచ్చింది. ఈస్టర్ పాటల వరుస రాసుకుంటున్నాను. వార్త విన్నాక కూడా తర్వాతి పాట నంబరు రాశాను. చేయి ఎందుకు ఆగలేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

చందానగర్‌లోని మా చిన్న సంఘంలో తలుపు దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెప్పే సంఘపెద్ద ఆయన. వారమంతా హైటెక్ సిటీలో మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు. అంతటి విధినిష్ఠ, అంతటి వినయం ఒకే మనిషిలో నేను మళ్లీ చూడలేదు.

మూడేళ్ల క్రితం ఒక వానరోజు ఆఫీసు గుర్తింపు కార్డు మరచి వచ్చాను. పక్కన క్లయింట్లున్నారు. "అన్నా, జర రిజిస్టర్ల సంతకం పెట్టి పోండి" అన్నారాయన.

"ప్రతి ఆదివారం చూస్తారు కదండీ, కళ్లు కనబడవా?" అని అరిచాను.

"కనబడతయి సార్. అందరికీ ఒక్కటే రూల్ గదా" అన్నారు. గొడుగు మాత్రం నా తల మీదే పట్టారు.

ఆ సాయంత్రమే ఆయన మీద ఫిర్యాదు పంపాను. నెల తిరక్కుండా జీడిమెట్లలో ఒక గోదాము గేటుకు మార్చేశారు. రెండు బస్సులు మారి వెళ్లేవారు. ఆదివారం మాత్రం నాకు అవే వందనాలు. నేనూ దర్జాగా చేయి కలిపి, లోపలికి వెళ్లి పాటల పుస్తకం తెరిచేవాణ్ణి.

గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను మా సంఘంలో ఏడుగురు వివరిస్తారు. మొదటిది క్షమాపణ మాట. దాన్ని వివరించమని ఏటా అడిగినా దానియేలు గారు ఒప్పుకునేవారు కారు. "నోటితోని చెప్పుడు అల్కనే అన్నా. నాకు ఇంక ఒకల మీద కోపం ఉన్నది" అనేవారు. ఈ ఏడు ఒప్పుకున్నారు. మాట్లాడింది రెండు నిమిషాలే.

"నన్ను గేటు కాడికెల్లి తీసేయించినాయన మీద మూడేండ్లు కోపం మోసిన. ఆయన తప్పే కనబడ్డది, నా మనసుల చీకటి కనబడలే. యేసయ్య కండ్లు తెరిచిండు. ఇగ కోపం లేదు."

నేనేనని ఆయనకు తెలుసా? ఆ మాట అంటూ చూసింది నా వైపా, నా వెనకున్న గోడ గడియారం వైపా? ఈస్టర్ నాడు ఒప్పేసుకుందామనుకున్నాను. ఆ శుక్రవారం సాయంత్రమే వెళ్లకుండా పాటల సాధన ఉందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. తలచుకుంటే సిగ్గేస్తోంది.

ఈస్టర్ మధ్యాహ్నం భూస్థాపన అయ్యాక ఆయన భార్య రూతమ్మ గారికి చెప్పాను. "ఆ ఫిర్యాదు పంపింది నేనేనండి."

ఆమె సమాధి మట్టి మీద పూలదండ సర్దారు. "పొద్దుగాల ప్రార్థనల రోజూ మీ పేరు తీస్తుండె. దోస్తులనుకున్న నేను" అన్నారు.

క్షమించానని ఆమె అనలేదు. అడిగే ముఖం నాకూ లేదు. పునరుత్థాన గీతం అందరూ పాడుతుంటే నేను పాటల పుస్తకం మూసేశాను.

నిన్న ఆఫీసు గేటు దగ్గర కొత్త గార్డు నన్ను గుర్తుపట్టి, చూడకుండానే పంపబోయాడు. ఆగి, కార్డు తీసి చూపించాను. దానియేలు గారూ, ఇప్పుడు నాకూ కనబడుతోంది. మీరే కనబడటం లేదు.