కలరా సూది, మృదంగం చెయ్యి

రెండో ప్రపంచ యుద్ధం రావడానికి ముందటి ఏడు శ్రావణంలో నన్ను మార్కాపురానికి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అప్పట్లో ఆ తాలూకా కర్నూలు జిల్లాలోది. మా పై అధికారి, జిల్లా హెల్త్ ఆఫీసరు, కర్నూల్లో ఉండేవారు. తాలూకాలో బావులు, సంతలు, అంటురోగాలు అన్నీ నా నెత్తినే. వయసు ఇరవై ఆరు. ఖాకీ నిక్కరూ టోపీ సర్కారు ఇచ్చింది, వాటితో గర్వం దానంతటదే వచ్చింది.

ఆ దసరాకి ఊళ్ళో వర్తకులు తమ సత్రం హాల్లో తొమ్మిది రోజులూ పాటకచేరీలు పెట్టించారు. వారం ముందు దొనకొండ వైపు కలరా కనిపించింది. రైలు దిగి జనం వస్తారు కనుక, సూది వేయించుకున్న చీటీ ఉంటేనే హాల్లోకి వదలాలని ఉత్తర్వు వచ్చింది. పాడేవారికీ వాయించేవారికీ మినహాయింపు లేదు.

ఆ మందు పడ్డ చెయ్యి రెండు రోజులు వాచిపోతుంది, జ్వరం కూడా కాస్తుంది. అందుకని మా శాఖలో ఎడమ భుజానికే వేసేవాళ్ళం. రూల్సులో ఎక్కడా లేదు, వాడుక అంతే.

మొదటి రోజు పొద్దున సత్రం వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. వరుసలో పిచ్చయ్య వచ్చాడు. పలకలకు చెక్క చట్రాలు బిగించే వడ్రంగి. మృదంగంలో మంచి చెయ్యి అని ఊళ్ళో పేరు. ఆ సాయంత్రం పాడబోయే బెజవాడ విద్వాంసుడు, ఇతని వాయిద్యం నచ్చితే తన వెంట కచేరీలకు తీసుకుపోతానన్నారట. పిచ్చయ్య కుడి చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడ్డాడు.

"అన్నం తినే చెయ్యి చూపిస్తావేందయ్యా! ఎడమది ఇటు తే" అని కసిరాను.

"అట్ల కాదు సార్..." అనబోయాడు. వెనక వంద మంది ఉన్నారని గదమాయించి, ఎడమ భుజానికి పొడిచేశాను.

అతనిది పుర్రచేతివాటం. అందరూ కుడి చేత్తో వాయించే వైపు అతను ఎడమ చేత్తో వాయిస్తాడు. అన్నం తినడం మాత్రం అందరిలాగే కుడి చేత్తో. ఈ సంగతి నాకు సాయంత్రం హాల్లో తెలిసింది. రెండో కీర్తన సగంలో అతని ఎడమ చెయ్యి లేవలేదు. మిగతా కచేరీని ఘటం ఆయన ఒక్కడే నడిపించాడు. పిచ్చయ్య మృదంగం పక్కనే కూర్చుని, కుడి చేత్తో తొడమీద తాళం వేస్తూ ఉండిపోయాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

కచేరీ ముగిశాక విద్వాంసుడి దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. "పాపం, నిజమే కావచ్చు. పూర్తిగా వినకుండా ఏమని తీసుకుపోనండీ?" అన్నారు. మర్నాడు పొద్దుటి రైలుకి వెళ్ళిపోయారు.

మరుసటి దసరాకీ సూదులు వేశాం. వరుసలో వచ్చిన పిచ్చయ్య ఈసారి తనే ఎడమ చొక్కా చెయ్యి మడిచాడు. కుడిది చూపించమన్నాను.

"ఏదైతే ఏంది సార్, ఈ ఏడు నన్ను పిలవలేదు గదా" అన్నాడు. కోపంగా అనలేదు.

కుడి చేతికే వేశాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. సూది ఎత్తే ముందు ప్రతి మనిషినీ ఏ చేత్తో పని చేస్తావని అడిగేవాణ్ణి. వరుస నెమ్మదిగా నడిచేది. ఆలస్యానికి పైవాళ్ళు రెండుసార్లు సంజాయిషీ అడిగారు. రాసిచ్చాను, అడగడం మాత్రం మానలేదు.