తెల్లబడిన ప్లగ్గు

దొర ఫట్‌ఫటి బండికి, అదే మోటారు సైకిలుకు, పట్నం నుంచి కొత్త పొగగొట్టం వచ్చింది. లోపల ఏ అడ్డూ లేదు, ఇటు నుంచి చూస్తే అటు వెలుగు కనబడేది. పాత గొట్టం చప్పుడు చాలదని దొరకు కోపం. బండి దగ్గరికి వచ్చేదాకా వినబడక, ఒక ముసలాయన మంచం మీద నుంచి లేవలేదట. ఇక మీద బండి పొలిమేరలో ఉండగానే ఊరంతా లేచి నిలబడాలి. అందుకే ఆ గొట్టం.

మా ఆయన వనపర్తిలో బండ్లు బాగుచేసేవాడు. మా వాకిట్లోనే కొత్త గొట్టం బిగించి, ఘణపూర్ దారిలో జోరుగా తోలి, ఆ జోరు మీదనే ఇంజన్ ఆపేసి, బండిని నెట్టుకుంటూ ఇంటికొచ్చాడు. నడుపుకుంటూ వస్తే ప్లగ్గు రంగు మారుతుందట. మసిపట్టిన ప్లగ్గులు తోమేది నేనే. ఈ బండి ప్లగ్గు విప్పితే తెల్లగా ఉంది.

“గీసారి నాకు తోముడు తప్పింది,” అన్నాను.

ఆయన నవ్వలేదు. కాలిన ఇటుక రంగుండాలి, తెలుపు మంచిది కాదన్నాడు. కొత్త గొట్టంతో ఇంజన్ గాలి ఎక్కువ పీలుస్తోంది, పెట్రోలు మాత్రం పాత కొలతే పడుతోంది, అందుకే లోపల కాగిపోతోందట. కార్బరేటర్‌లో ఒక సూది ఉంటుంది, దాని తలకు గీతల్లాంటి గాడులుంటాయి. ఒక గాడి పైకి లేపితే పెట్రోలు సరిపోతుంది. లేపకపోతే దూరం పోయినప్పుడు ఇంజన్ పట్టేసి, చక్రం ఉన్నచోటే బిగుసుకుంటుంది.

ఈ మాట దొరకు చెప్పుకున్నాడు. అది యుద్ధకాలం, పెట్రోలు చీటీల మీద ఇచ్చేవాళ్లు. చుక్క ఎక్కువ తాగినా ఊరుకోనని దొర అన్నాడట. పొద్దున కొల్లాపూర్ పోవాలి, పనిముట్లు పట్టుకుని వెనక కూర్చోమన్నాడట.

ఇంటికొచ్చి సూది బయటికి తీశాడు. దాన్ని గాడిలో పట్టి ఉంచే రేకుబిళ్ళ, వేలిగోరంత ఉంటుంది, పోకుండా పట్టుకోమని నా చేతిలో పెట్టాడు.

“చెప్పకుంట లేపుత. ఎవలికి తెలుస్తది?”

“దొర టాంకిల పుల్ల పెట్టి కొలుస్తడు. తెలిస్తే తోలు తీస్తడు. ఎట్లున్నది అట్లనే ఉండనియ్.”

“పట్టేస్తదే అది.”

“తోలేది నువ్వు కాదు గద. తప్పు నీ మీదికి రాదు.”

చెయ్యి చాపాడు. పాత గాడిలోనే పెడతాననే వరకు నేను పిడికిలి విప్పలేదు. చివరికి సరే అన్నాడు.

పొద్దున పోయారు. ఆ చప్పుడు ఎంత దూరం పోయినా వినబడుతూనే ఉంది. వాకిలి ఊడ్చి, జొన్నలు చెరిగి, చెరిగినవే మళ్లీ చెరిగాను.

తర్వాత ఆ దారిలోని పల్లెవాళ్లు చెప్పారు. చప్పుడు వినగానే అందరూ లేచి, తలగుడ్డలు తీసి నిలబడ్డారట. మలుపు అవతల చప్పుడు ఒక్కసారే ఆగింది. బండి రాలేదు. దొర ఎందుకో ఆగాడనుకున్నారు. పిలవకుండా ఎదురుపోతే తప్పు, కూర్చుంటే ఇంకా తప్పు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అట్లనే నిలబడ్డారట. గొర్లకాపరి వచ్చి చెప్పినాక ఉరికితే, దొర కాలు విరిగి మూలుగుతున్నాడు. మా ఆయనకు ఇంకా ఊపిరుందట. మోసుకొస్తుంటే దారిలో పోయింది.

మంచం మీద వేసి మా వాకిట్లో దింపారు. దొర మనిషి నన్ను పక్కకు పిలిచాడు.

“బండి గురించి నీ మొగడు ముందుగాల నీకేమన్న చెప్పిండా?”

“ఏం చెప్పలే,” అన్నాను.