తియ్యటి నాము

నా చిన్నప్పుడు మా పెరట్లో విషానికి కొదవ లేదు, తిండికే కొదవ. గోడవార గన్నేరు, దిబ్బ మీద ఉమ్మెత్త, దారికి అటూ ఇటూ జిల్లేడు. వాన ఎగ్గొట్టినా అవి మాత్రం నవనవలాడుతూ ఉండేవి. మా నాయన తల్లి, మా అవ్వ, నాకు అక్షరాలకన్నా ముందు వాటిని నేర్పింది. విషం ఎప్పుడూ చెప్పే చంపుతుందని ఆమె నమ్మకం. గన్నేరు చేదుతో చెబుతుంది, జిల్లేడు పాలతో చెబుతుంది, ఉమ్మెత్త కంపుతో చెబుతుంది. వినకపోతే మనదే తప్పు. ఈ పాఠం నాకు ఎంత బాగా వచ్చిందంటే, తోటిపిల్లలకు పంతులమ్మలా చెప్పి విసిగించేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు వానలు మొహం చాటేశాయి. ఇంటి వెనక మా జొన్నచేను మోకాలెత్తులోనే వాడిపోయింది. గడ్డివామి అడుగంటింది. మాకున్న రెండెద్దుల్లో ఎర్రెద్దు డొక్కలు లోపలికి పోయి, లేవడానికే తంటాలు పడేది. నాయన రోజూ దాని వెన్ను నిమిరి, "వాన పడితే దున్నల్ల. అంతదాకా ఓర్చుకో అప్పా" అని బతిమాలేవాడు. ఆ జత ఉంటేనే సేద్యం, సేద్యం ఉంటేనే మేము.

ఒక సాయంత్రం నాలుగు చినుకులు రాలాయి. మూడోనాటికి జొన్న మొదళ్ళలో పచ్చగా పిలకలు లేచాయి. ఎద్దుల్ని చేలోకి పోనీయవద్దని నాయన గట్టిగా చెప్పాడు, ఎందుకో చెప్పలేదు. పైరు దాచుకుంటున్నాడనుకుని, పీనాసి నాయన అని లోపల తిట్టుకున్నాను. మధ్యాహ్నం అమ్మా నాయనా కరువు పనికి పోయినప్పుడు ఒక పిలక తుంచి నమిలాను. చేదు లేదు, పాలు లేవు, కంపు లేదు. తియ్యగా ఉంది. అవ్వ పాఠం ప్రకారం అది విషం కాదు. ఒడి నిండా కోసుకొచ్చి ఎర్రెద్దుకు పెట్టాను. అది ఆబగా తింటుంటే నా కడుపు నిండినట్టే అనిపించింది.

రెండో ఒడి తెచ్చేసరికి అది కింద పడి కాళ్ళు కొట్టుకుంటోంది, నోట నురగ. నా అరుపులకు అవ్వ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి బెల్లం నీళ్ళు కలిపి పోసింది. దానికి గుటక పడలేదు, ప్రాణం పోయింది. నా పెదవుల మీది పచ్చదనం చూసి, మిగిలిన నీళ్ళు నాకు పట్టించింది. లేత జొన్న ఎండకు వాడి మళ్ళీ చిగిరిస్తే అందులో విషం పుడుతుంది. మా వైపు దాన్ని నాము అంటారు. పశువుల్ని మేపే ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతే, నాకే ఎవరూ చెప్పలేదు.

అవ్వ నా ఒడిలోని పిలకలు లాక్కుని తన కొంగులో పోసుకుంది. నాయన వచ్చేసరికి తనే ఎదురుపోయింది.

"నేనే పెట్టినా నాయనా. ముసలిదాన్ని, బుద్ధి పనిచేయలే."

"నీకు తెల్దామ్మా? ఇన్నేండ్లు చేన్లోనే బతికినదానివి, నీకు తెల్దా?" అని నాయన గోడకు తలానించి ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడడం నాకదే మొదలు. భయంతో నేను నోరు విప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

మర్నాడు చేలో దిగి పిలకలన్నీ కసిగా పీకుతుంటే, అవ్వ నన్ను గట్టు మీద కూర్చోబెట్టి ఒక కథ చెప్పింది. శత్రువును చంపడానికని ఒక రాజు ఒక పసిబిడ్డకు రోజూ పాలలో ఇంత విషం కలిపి పెంచాడట. ఆ పిల్ల పెద్దదై, దప్పికతో పడివున్న ఒక బాటసారిని చూసి జాలిపడి దోసిలితో నీళ్ళు పోసిందట. ఆ నీళ్ళకే అతను చచ్చిపోయాడు. పాపం ఆ పిల్లదేనా అని అడిగాను.

"ఆ పిల్లదీ కాదు, జొన్నదీ కాదు, నీదీ కాదు పాపా. ఎండ తాగి బతికినది ఇంకేమిస్తాది? విషమంటే చేదని నీకు సగమే చెప్పినా. తప్పు నాది."

ఒంటెద్దుతో సేద్యం సాగలేదు. తెల్లెద్దునూ సంతకు తోలేశారు. ఆ తర్వాత మంచి వాన పడింది గానీ, దున్నడానికి మాకేమీ మిగల్లేదు. నాయన బెంగళూరుకు బేల్దారి పనికి పోయి ఇటుకలు మోశాడు, మళ్ళీ మడక పట్టి దున్నలేదు. అవ్వ పోయేదాకా ఆమెతో మనసిచ్చి మాట్లాడలేదు. నిజం చెబుదామని ఎన్నిసార్లో నాయన దగ్గరికి పోయి, మంచినీళ్ళిచ్చి తిరిగి వచ్చాను. చివరికి ఆయనా పోయాడు, తన తల్లే ఎద్దును చంపిందనుకుంటూ.

మొన్న మా ఊళ్ళో మళ్ళీ నాలుగు చినుకులు రాలాయి. ఎండిన జొన్న మొదళ్ళు చిగిర్చాయి. చేను పచ్చబడిందని మనవరాలు చప్పట్లు కొట్టింది. నేను ముందు ఆవు పలుపు గట్టిగా బిగించి, తర్వాత ఆ పిల్లకు నాము సంగతి తియ్యదనంతో సహా పూర్తిగా చెప్పాను. ఎర్రెద్దుకు ఎవరు పెట్టారని అడిగింది. నేనే అన్నాను. ఆ మాట వినాల్సిన ఇద్దరూ లేరు.