పిట్టకు పెట్టిన రోజు

ఏడో తరగతి సగంలో బడి ఎగ్గొట్టి మళ్లీ ఆ వైపు చూడని నాకు, కాలేజీలో చదివే శిష్యుడు దొరికాడు. అదీ సముద్రం దాటి వచ్చినవాడు. టాంజానియా అబ్బాయి. జగిత్యాల దగ్గర వ్యవసాయ కాలేజీలో చదివేవాడు. నేను అదే దారిలో ఆటో నడిపేవాణ్ణి. పుస్తకాల్లో దొరకనివి, అంటే ఇక్కడి పిట్టలు, తిండ్లు, పద్ధతులు, నన్ను అడిగేవాడు. నేను ఏం చెప్పినా చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. బళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరైనా నా గురించి రాశారంటే అది బోర్డు మీద, అల్లరి చేసేవాళ్ల పేర్లలోనే. అలాంటిది నా మాటలు ఒకడు పెన్ను పట్టి రాసుకుంటుంటే ఆటో సీటు కాస్తా సారు కుర్చీలా అనిపించేది.

ఆదివారాలు తిరిగేవాళ్లం. బోయినపల్లి దారిలో కరెంటు తీగ మీద పాలపిట్టను చూసి ఆటో ఆపించేవాడు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య నిలబడి వాళ్లమ్మకు చీర కొన్నాడు.

"మీ అమ్మ చీర కట్టదు గద?" అన్నాను.

"కట్టది అన్నా. చూస్తది."

వాడు అడిగేవాటిలో సగం నాకు తెలియవు. తెలియదని అనొచ్చు. కానీ బళ్లో ఆ మాట చాలాసార్లు అని చాలా దెబ్బలు తిన్నాను. కుర్చీ ఎక్కాక కూడా అదే మాట అనాలా? అందుకని నోటికి వచ్చింది చెప్పేవాణ్ణి. పైగా జనం నవ్వితే నాకు కడుపు నిండుతుంది.

ఒకరోజు కోరుట్లలో హోటల్ బయట బెంచీ మీద తింటున్నాం. ఒక కాకి వచ్చి పక్కన వాలింది.

"అన్నా, మీ కాడ కాకి అన్నంకాడికొస్తే ఏం చేస్తరు?"

"మూడుసార్లు చప్పట్లు కొట్టి పో పో అనాలె. లేకుంటే వండినోళ్లను అవమానం చేసినట్టు. తాతల కాలం నుంచి అస్తున్న పద్ధతి."

రాసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. మూడుసార్లు చప్పట్లు కొట్టి, "పో! పో!" అన్నాడు. హోటలంతా నవ్వింది.

"ఎవల్ నేర్పిన్రు వారీ గీ చదువు?" అని హోటలాయన అడిగితే నా రొమ్ము నేనే చరుచుకున్నాను.

ఆ తర్వాత ఎక్కడ తిన్నా, కాకి వస్తే అదే పని. ఆటో అడ్డా మీది దోస్తులను పిలిచి మరీ చూపించాను. అబద్ధమని ఎప్పుడో ఒకప్పుడు చెప్దామనుకుంటూనే నెలలు గడిపేశాను.

బీర్పూర్‌లో మా పెద్దబాపు, అంటే మా నాయన అన్న, తాళ్లు ఎక్కి కల్లు గీసేవాడు. శిష్యుణ్ణి అక్కడికి తీసుకుపోతే ఇద్దరికీ నాతో కన్నా మంచి దోస్తీ కుదిరింది. పెద్దబాపు తాటాకు మడిచి, అందులో కల్లు పోసి తాగించేవాడు. చెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లు చూపించేవాడు.

"మీ దేశంల తాళ్లున్నయా కొడుకా?"

"ఉన్నయి బాపు. ఎక్కేటోడే నీ అసొంటోడు లేడు."

పెద్దబాపు మురిసిపోయి ఇంకో ఆకు మడిచేవాడు.

మొన్నటి ఎండాకాలం పెద్దబాపు ఉన్నట్టుండి పోయాడు. పోయే ముందు రోజు బీపీ గోలీలు వేసుకోలేదని పెద్దమ్మ ఆయన్ను తిట్టిందట. అదే వాళ్ల మధ్య ఆఖరి మాట. మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి దూరం జరుగుతాం. కాకి వచ్చి ముడితే, పోయినవాళ్లకు ఏ బాధా మిగల్లేదని నమ్మకం. ముట్టకపోతే ఏదో మిగిలిందని. పొద్దుటి నుంచి పెద్దమ్మది ఒకటే మాట: "నా మీద కోపం లేకుంటే అస్తడు. లేకుంటే రాడు."

శిష్యుడూ వచ్చాడు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని. అందరి వెనక నిలబడ్డాడు. కాకి కోసమే ఎదురుచూస్తామని వాడికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఊరి బయట పొలంలో మేకకూర, అన్నం, తాటాకులో కల్లు పెట్టాం. చాలాసేపటికి ఒక కాకి గట్టు మీద వాలింది. మెడ వంచి చూసింది. రెండు అడుగులు వేసింది. పెద్దమ్మ ఊపిరి బిగబట్టింది.

అంతలో వెనక నుంచి చప్పట్లు. ఒకటి, రెండు, మూడు. "పో! పో!"

కాకి లేచిపోయింది. వండిన పెద్దమ్మకు మర్యాద చేస్తున్నాననుకున్నాడు వాడు.

అందరూ వెనక్కి తిరిగారు. అది నేర్పింది నేనే అని చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. నేను ఆ ఊపిరితో వాడి మీదికి లేచాను.

"దిమాకున్నదా నీకు? తెల్వకుంటే అడుగొద్దా? ఎవల్ చెప్పిన్రు నీకు గట్ల చెయ్యమని?"

వాడు నా మొహంలోకి చూశాడు. 

"తప్పయింది అన్నా," అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాం. ఇంకో కాకి రాలేదు. చివరికి కూర తగలని అన్నం ఆవుకు పెట్టి ఇంటికి మళ్లాం. దారి పొడుగునా పెద్దమ్మ, "కోపం పోలే ఆయనకు" అంటూనే ఉంది.

ఆ తర్వాత వాడు నా ఆటో ఎక్కలేదు. కాలేజీ గేటు దగ్గర ఒకసారి కనిపిస్తే చెయ్యి ఎత్తి నమస్తే పెట్టి, బస్సు ఎక్కాడు. చదువు అయిపోయింది, దేశం వెళ్లిపోయాడని ఇంకెవరో చెప్తే తెలిసింది. వాడి నంబరు నా ఫోన్లో ఉంది. పొద్దస్తమానం వాగే నాకు, ఆ నంబరు తీస్తే ఒక్క మాటా తోచదు.

మొన్న బీర్పూర్ పోయి పెద్దమ్మకు చెప్పేశాను, చప్పట్లు నేర్పింది నేనేనని. ఆమె బీరకాయ చెక్కు తీస్తోంది. కత్తి ఆపింది.

"గా పిలగాడు పిట్టకు పెట్టిన తెల్లారే మళ్ల అచ్చిండ్రా," అంది.

"ఎక్కడికి?"

"ఈడికే, బస్సుల. వాళ్ల దేశంల తినేదట, మక్కపిండితోని గట్క లెక్క వండుకొచ్చిండు. నన్ను తోల్కపోయి, గాన్నే ఆకుల పెట్టిండు. చేతులు రెండు చంకల్ల పెట్టుకొని గంత దూరం పోయి కూసున్నడు. ఎంతసేపైనా కదల్లే. కాకి అచ్చి ముట్టింది. నేను ఏడుస్తె వాడు ఏడ్సిండు."

"నా పేరు చెప్పిండా?"

"ఎవల్ నేర్పిన్రు కొడుకా అని అడిగిన. నాకే తెల్వక చేసిన అవ్వా అన్నడు." మళ్లీ కత్తి అందుకుంది. "వాడు ఈడ ఉన్నప్పుడు చెప్పకపోతివి గదరా. గంతమంది ముంగట తల దించుకొని నిలవడ్డడు."

పీట వేసి, పళ్లెంలో అన్నం పెట్టింది. కూర వేసింది. ఎప్పుడూ "తిను కొడుకా" అనేది. ఆ పూట అనలేదు. లోపలికి వెళ్లిపోయింది. నేను కాసేపు పళ్లెం వైపు చూస్తూ కూర్చుని, తర్వాత తిన్నాను.