రోవేనమ్మ మోకాలి నొప్పి

మా కౌంటీ కోర్టులో ఆడవాళ్ళ మూత్రపరీక్షకు కాపలా ఉండేది రోవేనా స్టిడమ్. అందరికీ రోవేనమ్మే. అంతకుముందు బడి బస్సు నడిపేది. కొండ మలుపుల్లో బండి తిప్పుతూనే వెనక సీట్లో అల్లరిని అద్దంలో కనిపెట్టిన మనిషి కాబట్టి ఈ పని ఆమెకు కొత్తేమీ అనిపించలేదు. పరీక్ష గదిలో సిగ్గుపడే ఆడపిల్లల కోసం, చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పి వదిలేది. "కానియ్యి తల్లీ, నేను చూడని వింతేం కాదులే నీది" అని నవ్వించేది.

మాది మత్తు కోర్టు. మాత్రలకో సూదులకో బానిసలై దొంగతనాలకు దిగినవాళ్ళను జైలుకు పంపకుండా చికిత్సకు పంపి, ప్రతి సోమవారం జడ్జి ముందు నిలబెడతారు. వారమంతా మత్తు ముట్టలేదని మూత్రపరీక్షలో తేలినవాళ్ళకు హాలంతా చప్పట్లు కొడుతుంది. ముట్టి, తమంతట తామే ఒప్పుకున్నవాళ్ళకూ కొడుతుంది. దాచి దొరికిపోతే మాత్రం జైలే. నేను ఆ హాలు తలుపు దగ్గర నిలబడే జవానుని. మొదట్నుంచీ ఆ చప్పట్లంటే నాకు ఒళ్ళు మంట. దొంగలకు ఈ సన్మానమేమిటని రోవేనమ్మతో పోట్లాడేవాణ్ణి.

"నువ్వు నిజం చెప్పినందుకు ఎవరూ ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు. అదీ నీ ఏడుపు" అనేది.

కెండ్రా అనే పిల్ల చాలాకాలంగా మా కోర్టుకు వస్తోంది. ఆమె కొడుకు వెస్లీని ప్రభుత్వం పెంచమని వేరేవాళ్ళ ఇంట్లో పెట్టింది. ఆ శనివారం వాడు తల్లి దగ్గరికి రావాలి. సరిగ్గా ఆ వారమే, పరీక్ష గదిలో, కెండ్రా చొక్కాలోంచి ఒక చిన్న సీసా జారి నేలమీద పడింది. అందులో ఉన్నది ఇంకెవరిదో మూత్రం.

"ఒక్కసారే రోవేనమ్మా, వాడొస్తున్నాడని భయమేసి మాత్ర వేసుకున్నా. వాడికి మంచం కూడా కొన్నాను. చూడనట్టు ఉండవా?"

"చూశానుగా. చూడలేదని చెప్పడం నావల్ల కాదే. ఈ సీసా జడ్జి చేతికి ఇవ్వాల్సిందే. కాకపోతే నా మోకాలు బాగాలేదు, హాలు దాకా నడవాలంటే ఆలస్యమవుతుంది. నువ్వు కుర్రదానివి, గబగబా నడవగలవు."

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది, కెండ్రా పాలిపోయిన మొహంతో నడవాలోకి రావడమే. ఒక చివర వీధి తలుపు, ఇంకో చివర నేను. ఆమె వీధి తలుపు వైపే వెళ్ళింది. దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, నన్ను తోసుకుని హాల్లోకి పోయింది.

వెనకాలే రోవేనమ్మ గోడ పట్టుకుని వస్తోంది. నిన్న చర్చి విందులో బల్లలన్నీ ఒంటిచేత్తో మోసిన మనిషికి ఇవాళ ఏమొచ్చిందా అనుకున్నాను. ఆమె సగం దారిలో ఉండగా లోపల చప్పట్లు మోగాయి. అక్కడే ఆగి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత గోడ వదిలేసి చకచకా నడిచి లోపలికి వచ్చింది.

జడ్జి ప్రేటర్ గారు అప్పటికే తీర్పు చెప్పేశారు. కెండ్రా మళ్ళీ చికిత్సకు వెళ్ళాలి. వెస్లీ ఈ శనివారం రాడు. ఇవాళ కోర్టు ముగిసేదాకా తప్పు చేసినవాళ్ళ బెంచీ మీద అందరికీ కనపడేలా కూర్చోవాలి.

రోవేనమ్మ సీసా బల్లమీద పెట్టింది. "జడ్జిగారూ, నాదీ ఒక తప్పుంది. ఇది పడగానే జవాన్ని పిలవాలి. పిలవలేదు. మోకాలు నొప్పని అబద్ధమాడి, తనే ఒప్పుకోవడానికి పిల్లకు టైమిచ్చాను. పారిపోయి ఉంటే ఆ పాపం నాదే అయ్యేది."

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నీ ఉద్యోగం సంగతి రేపు మాట్లాడదాం రోవేనా. ఇవాళ్టికి నువ్వూ వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చో."

కెండ్రా ఏడుస్తూనే జరిగి చోటిచ్చింది. రోవేనమ్మ కూర్చుని ఆ పిల్ల చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. కోర్టు మనిషికి చప్పట్లు కొట్టవచ్చో లేదో ఎవరికీ తెలియక హాలంతా నిశ్శబ్దంగా ఉండిపోయింది.

నేనే మొదలుపెట్టాను.