మాస్టారి అరగంట

లెక్కల మాస్టారు ఫోనులో "చెప్పులేసుకుంటున్నా, వచ్చేస్తున్నా" అన్నాడంటే ఇంకా తల తుడుచుకుంటున్నాడని అర్థం. చొక్కా గుండీలు పెట్టుకుంటూ సగం మెట్లు దిగి, కళ్లజోడు కోసం మళ్లీ ఎక్కుతాడు. రోజూ ఆయన్ని కారులో దింపే పక్కవీధి నర్సు కింద పళ్లు నూరుతూ కూర్చుంటుంది. వార్డులో చీవాట్లు తినేది ఆవిడే మరి. చివరికి విసిగిపోయి, ఎనిమిదికి వచ్చే కారు ఏడున్నరకే వస్తుందని ఆయనకు అబద్ధం చెప్పింది. నెల్లాళ్లు హాయిగా గడిచాయి. నిన్న ఏం బుద్ధి పుట్టిందో, ఆయన నిజంగానే ఏడున్నరకి గేటు దగ్గర నిలబడ్డాడు. ఎనిమిదికి కారు ఆగగానే వాచీ చూపించాడు.

"అరగంటమ్మా! అవతలివాళ్ల టైముకి విలువుండక్కర్లా?"

నిజం చెప్పలేక నర్సు, "సారీ మాస్టారూ" అంది.

దారిపొడుగునా సమయపాలన మీద పాఠం చెప్పి, దిగుతూ కాస్త మెత్తబడ్డాడు.

"పోన్లేమ్మా. రేపట్నుంచి గేటు దగ్గరికొచ్చాక ఫోన్ చెయ్యి. అప్పుడే స్నానానికి లేస్తాను."