మూట దించని మనిషి

ఆపా పోయింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో ఇరుక్కుని ఉండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకుందట, మళ్లీ లేవలేదట. చెల్లెలు ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. ఆటో కదలదు, వెనక బస్సువాడు హారన్ ఆపడు. ఫోన్ చెవికి నొక్కుకుని, ఎవరు దొరికితే వాళ్లతో పోట్లాడదామని చూస్తూ కూర్చున్నాను.

పోట్లాటకు కారణం సాయంత్రానికల్లా దొరికింది. ఆమె ఏళ్ల తరబడి నగల డిజైన్ పాఠం చెప్పిన అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పాత విద్యార్థుల గ్రూపులో పూలదండ బొమ్మ పెట్టి, మా సీనియర్ కంప్యూటర్ ఆపరేటర్ ఇక లేరు అని రాశారు. ఆపరేటర్ అట. నగల వ్యాపారంలో ఇదొక వర్ణ వ్యవస్థ. ఆలోచన ఎవరిదని అడిగితే షాపు యజమాని కుటుంబాన్ని చూపిస్తారు. ఆ ఆలోచనను కట్టి నిలబెట్టిన మనిషిని ఆపరేటర్ అంటారు. సరే, ఆ ఆపరేటర్ ఎవరో నేను చెబుతాను.

ఐటీ ఊపు మీదున్న రోజులు. అమీర్‌పేటలో ప్రతి మెట్ల దగ్గరా ఒకడు నిలబడి కరపత్రాలు చేతిలో కుక్కేవాడు. జావా నేర్చుకో, టెస్టింగ్ నేర్చుకో, విమానం ఎక్కెయ్. గుంటూరు నుంచి వచ్చిన నేను మూడో అంతస్తులో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు చెప్పేదాన్ని. మధ్యలో ప్లైవుడ్ గోడ. అవతల ఆపా క్లాసు; ఆపా అంటే ఉర్దూలో అక్క, అందరం ఆమెను అలాగే పిలిచేవాళ్లం. కంప్యూటర్‌లో నగ నమూనా కట్టడం ఆమె పాఠం. ముందు తెర మీద బొమ్మ, దాని ప్రకారం యంత్రం చెక్కే మైనం అచ్చు, ఆ అచ్చు నుంచి లోహం. నా పిల్లలు నా క్రియాపదాలు వదిలేసి ఆమె తిట్లు వినేవాళ్లు.

పరిచయమైన రోజే చెప్పాను, నగ ఆడదానికి సంకెల అని, మెడలో పూస కూడా వేసుకోనని. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది.

"సంకెలే అనుకో. గప్పుడు సుత కొలత సరిగ్గుండాలె గదా, లీడర్."

ఆ రోజు నుంచి నా పేరు లీడర్. ఇంకో ఉపకారమూ జరిగింది. నా మెడ బోసిగా ఉంటుంది కాబట్టి అది ఆమె క్లాసుకు పరీక్షాస్థలమైంది. విద్యార్థులు పోతపోసిన ఇత్తడి నమూనాలన్నీ ముందు నా మెడలో వేలాడేవి. నేను పాఠం మధ్యలో ఉంటే తలుపు తోసుకుని వచ్చి, "జర మెడ ఇయ్యి, లీడర్" అనేది. వేసి, నడవమనేది, వంగమనేది, మెట్లు దిగి ఎక్కమనేది. నగ తిరగబడితే ఆ నమూనా చేసినవాడికి మూడిందే. ఎందుకంటే ఆమె క్లాసులో అందరూ ఒకే తప్పు చేసేవాళ్లు. తెర మీద బొమ్మను ఏనుగంత పెంచుకుని, కనురెప్పలు కూడా చెక్కి మురిసిపోయేవాళ్లు. అది తెర మీద గాల్లో నిలబడుతుంది, ఎటు తిప్పినా పడదు. "కంప్యూటర్‌ల బరువు లేదు బేటా, మెడకుంది" అనేది ఆపా. గోడ ఇవతల నా పిల్లలకు కూడా కంఠతా వచ్చిన వాక్యం అది.

ఆమె సొంతంగా చేసింది మాత్రం ఒక్క హారం. చేర్యాల పటాల మీద ఆమెకు పిచ్చి. ఎర్రటి నేల మీద, ఒక్కో పనిచేసే కులం తన పుట్టుక కథను తనే బొమ్మలుగా గీయించుకుని చెప్పించుకునే పటాలవి. అందులో బట్టలుతికేవాళ్ల కథ తీసుకుంది. రేవు బండ, గాడిద, నీళ్లు, నడుమ పతకంలో నెత్తిన మూటతో నిలబడిన స్త్రీ. వెనక నేలకు ఎర్ర మీనా పూత. గొలుసు దూరే కన్నం ఎక్కడ పెట్టిందో వెతికి వెతికి అలసిపోయాను. చివరికి నా వేలు పట్టుకుని చూపించింది. మూటలో పెట్టింది. ఆ స్త్రీ బరువంతా ఆమె మోసే మూట నుంచే వేలాడుతుంది. ఇత్తడిలో పోసిన నమూనాను నా మెడలో వేసి మెట్లు దింపింది, ఎక్కించింది. పతకం నిటారుగా ఉంది.

పంజాగుట్టలో ఒక పెద్ద షాపు ఆ హారాన్ని బంగారంలో చేయిస్తామంది. తెర మీద కట్టింది చేతికి బంగారమై రావడం ఆపాకు అదే మొదటిసారి కాబోతోంది. అందుకే రోజూ కొత్త చున్నీ వేసుకుని వచ్చేది. మాట్లాడటానికి వెళ్లేటప్పుడు మెడ కోసం నన్నూ తీసుకుపోయింది. యజమాని మర్యాదస్తుడే, కాఫీ ఇప్పించాడు. అంతా బాగుంది, ఆ మూట తీసేసి నెమలిని పెట్టమన్నాడు.

"పెళ్లిలో బట్టల మూట ఎవరు వేసుకుంటారమ్మా, మీరే చెప్పండి?"

కులం పేరు అతను పలకలేదు. మర్యాదస్తులు పలకరు. నెమలి అంటారు. ఉతికిన చీర కట్టుకుని పెళ్లికి పోవచ్చు, ఉతికిన మనిషి మాత్రం మెడలో ఉండకూడదు. నేను లేచి ఇదంతా అనబోయాను. ఆపా నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"మూట తీస్తే పడతది, సేఠ్" అంది, నెమ్మదిగా.

అతనికి అది బెదిరింపులా వినబడింది. ఆమె చెప్పింది లెక్క. వాళ్లు వేరే ఎవరి చేతో మూట కోయించి, నెమలిని అతికించి, నెమలి వెనక రింగు పెట్టించారు. అచ్చు తీశారు, నమూనా పోశారు. మెడలో వేస్తే పతకం ముందుకు ఒరిగి, ఆ స్త్రీ నేల చూపులు చూసిందట. సరిచేసి పొమ్మని కబురు పెట్టారు. ఆపా వెళ్లి చూసింది. మూట పెట్టండి, నిలబడతది అని ఒకటే మాట చెప్పి వచ్చేసింది. హారం బంగారం కాలేదు. షాపువాళ్లు ఆమెకు ఇక పని ఇవ్వలేదు, తెలిసిన షాపులకు కూడా మాట వెళ్లింది. ఆమె మళ్లీ ప్లైవుడ్ గోడ అవతలికి వచ్చి, తెర మీద కనురెప్పలు చెక్కేవాళ్లను తిట్టుకుంటూ కూర్చుంది.

నేను ఊరుకుంటానా? ఒక చిన్న పత్రికలో ఆ షాపును ఉతికి ఆరేశాను. షాపు ముందు ధర్నాకు రమ్మంటే ఆపా రాలేదు. వ్యాసం మాత్రం చదివింది, కళ్లద్దాలు సవరించుకుని, మధ్యలో ఆగి చాయ్ తాగి.

"మూడు పేజీలు సేఠ్‌నే తిట్టినవ్. మూటమ్మకు ఒక్క లైనే ఇచ్చినవ్. నువ్వు సుత తీసేస్తివి గదా."

మూటమ్మ, పతకంలోని స్త్రీకి ఆమె పెట్టిన పేరే. ఆ మాటకు నాకిప్పటికీ కోపమే. ధర్నాకు వచ్చి ఉంటే ఏమయ్యేది? పేరు కోసం ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే, ఇవాళ వీళ్లు ఆపరేటర్ అని రాయగలిగేవాళ్లా? ఇది ఆమెతో ఎన్నోసార్లు అన్నాను. నగ వెనక పేరు చెక్కితే అది చర్మానికే కనబడతది, ఎవరు చదువుతరు అనేది. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. జవాబు చెప్పడానికి మనిషి లేదు, అదీ నా బాధ.

మర్నాడు మధురానగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. చెల్లెలు ఖురాన్ చదివేవాళ్లకు చాయ్ పోస్తూ, నన్ను చూసి లోపలి గదిలోకి తీసుకుపోయింది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. కిటికీ ఊచకు నల్ల దారంతో ఇత్తడి పతకం, ఆ మొదటి నమూనా. మీనా ఒక మూల రాలిపోయింది.

"నీ మెడకు కొలిచిందంట, నీకే ఇయ్యమన్నది" అని, నేను ఏదో అనేలోపు దారం నా తల మీదుగా వేసేసింది.

తిరుగు దారిలో ఆటో మళ్లీ పంజాగుట్టలోనే ఇరుక్కుంది. అద్దాల షాపుల్లో లైట్లు వెలిగాయి. నా చెయ్యి ఊరికే మెడ దగ్గరికి పోతోంది, తీసేద్దామా అని, ఉంచుదామా అని. పచ్చ సిగ్నల్ పడగానే డ్రైవర్ దూకించాడు, చక్రం గుంతలో పడింది, నేను ముందు సీటు మీదికి తూలాను. దారం మీద మూటమ్మ ఒక్కసారి ఊగి, నెత్తిన మూటతో మళ్లీ నిటారుగా నిలబడింది.